రెండు ఊళ్లలో ఒక జపాన్ కత్తి

సాలొమోను పళ్లు కట్టేవాడు. బళ్లారిలో మిషన్ వాళ్ల పాత ఆసుపత్రిలో, పళ్ల డాక్టరు గది వెనక, కిటికీ ఒక్కటే ఉన్న సన్నటి గది ఆయనది. డాక్టరు రోగి నోట్లోంచి తీసిన అచ్చు ఆ గదికి వచ్చేది. సాలొమోను దాంట్లో సుద్ద పోసి, మైనం పెట్టి, చెక్కి, అరగదీసి, మళ్లీ నమలడానికీ నలుగురిలో నవ్వడానికీ పనికొచ్చే పళ్ల సెట్టు చేసి పంపేవాడు. ఇరవై ఏళ్లు దాటిన తరువాత కూడా, ఎవరైనా రోడ్డు మీద తన సెట్టుతో శెనక్కాయలు తింటూ కనబడితే ఆయనకు ఆ పూట అన్నం కొంచెం ఎక్కువ సహించేది.

అవి సండూరు కొండలు ఇనుప రాయిగా లారీలెక్కి రేవులకు పోతున్న రోజులు. రోడ్ల పక్కన వేపచెట్లు ఆకులతో సహా ఎర్రబడ్డాయి. ఉతికి ఆరేసిన తెల్లగుడ్డ సాయంత్రానికి కావిరంగుకు తిరిగేది. కొత్తగా డబ్బు చూసినవాళ్లు బాగున్న పంటికే బంగారు తొడుగు వేయించుకోవడానికి వచ్చేవారు. "మంచి పన్ను, దాన్ని యాల అరగదీపిస్తావప్పా" అని సాలొమోను అంటే, "నవ్వితే కనపడల్ల కదన్నా" అనేవారు. ఆయన కాదనకుండా తొడుగు చేసి ఇచ్చేవాడు.

ఆయన పని బల్ల మీద అరచేయంత ఇనుప బిళ్ల ఒకటి ఉండేది. నల్లగా, గుండ్రంగా, నడుమ కోసుగా ఒక తూటుతో ఉండేది. ఒక పక్కన రెండు జొన్నకంకులు వంగి ఉన్నట్టు ఇనుమును తొలిచారు. కంకుల పైన ఒక తూనీగ. అతికించిన మైనం ఆరేదాకా కదలకుండా దాని మీద ఈ బిళ్లను బరువు పెట్టేవాడు. అది వాళ్ల నాయన మోజెస్ తెచ్చింది. మోజెస్ రెండో ప్రపంచ యుద్ధంలో పటాలం ఆసుపత్రిలో నర్సింగు పని మీద బర్మాకు పోయివచ్చాడు. ఇంట్లో దాన్ని "జపాన్ బిళ్ల" అనేవారు. జపాను కత్తిలోది అని తప్ప ఇంకేమీ తెలియదు.

తెలియజెప్పిన మనిషి ఒక శెనక్కాయల చిక్కీ పుణ్యాన వచ్చాడు. గని ఇనుము మేలుదో కాదో చూసి పోవడానికి జపాను నుంచి వచ్చిన కితమురా అనే పెద్దాయన గెస్ట్‌హౌస్‌లో చిక్కీ కొరికి, పెట్టుడు పళ్ల సెట్టు రెండు ముక్కలు చేసుకున్నాడు. నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. సాలొమోను వెంటనే అతికించడానికి కూర్చున్నాడు. కితమురా ఎదురుగా స్టూలు మీద కూర్చుని చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి లేచి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చి, బల్ల మీది బిళ్లను రెండు చేతుల వేళ్లతో అంచులు మాత్రం పట్టి ఎత్తాడు. అది చూసి సాలొమోను కూడా లేచి నిలబడ్డాడు. ఎందుకో ఆయనకే తెలియలేదు.

నోట్లో పళ్లు లేకుండా, ఇంగ్లీషులో, కితమురా చెప్పింది సగమే అర్థమైంది. సెట్టు బిగించాక మళ్లీ చెప్పించుకున్నాడు. దాని పేరు త్సుబా. కత్తి అలుగుకూ పిడికీ నడుమ చేతికి కాపుగా ఉండే బిళ్ల. యుద్ధం కాలంలో కార్ఖానాలో పోసిన ఇత్తడి బిళ్లలు వేరు, అవి కుప్పలు కుప్పలు. ఇది ఇనుమును వేడి చేసి, సాగగొట్టి, చేత్తో తొలిచింది. ఏదో ఇంట్లో తాతల నాటి కత్తికి ఉన్నదాన్ని ఆ ఇంటి కొడుకు యుద్ధానికి తీసుకుపోయి ఉంటాడు. కితమురాకు తెలిసింది అంతవరకే. "నాకు ఇనుప రాయి తెలుసు. ఇలాంటివి మా మేనమామకు తెలుసు" అన్నాడాయన. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పి పోయాడు: దీన్ని తోమొద్దు. ఆ నల్లటి తుప్పే దాని చర్మం.

జపానుకు పోయాక కితమురా ఆ బిళ్లను మరచిపోలేదు. బరువైన బొమ్మల పుస్తకం ఒకటి పార్సెల్‌లో వచ్చింది. అక్షరం ముక్క అర్థం కాకపోయినా సాలొమోను దాన్ని వేదపుస్తకం పక్కనే పెట్టుకుని చూసేవాడు. కత్తిని విప్పదీసి ఏ భాగం ఎక్కడ ఉంటుందో వేసిన బొమ్మ ఒకటి అందులో ఉంది. బిళ్లకు పైన, పిడి మొదట్లో తొడిగే కోడిగుడ్డు ఆకారపు పట్టీని చూసి ఆయన వేలు ఆగిపోయింది. వంటింట్లో ఉన్న భార్యను పిలిచాడు.

"హన్నా, ఈడ సూడు. నాయన చెప్తాండిన ఉంగరం ఇదే."

హన్నాకు ఆ కథ కొత్త కాదు. మామ బతికున్నన్నాళ్లూ చెప్పేవాడు. బర్మాలో ఆయనతో పాటు స్ట్రెచర్ మోసే సుబ్బా అని ఒకడు ఉండేవాడు, మన తెలుగువాడే. మోజెస్‌కు మలేరియా జ్వరం తలకెక్కి, దారిలో పడిపోతే, బండ్లు లేని ఆ అడవిలో సుబ్బా ఆయనను వీపున వేసుకుని క్యాంపు దాకా మోశాడు. యుద్ధం అయిపోయి జపాను వాళ్ల కత్తులన్నీ కుప్ప వేసిన చోట, లారీ చక్రం కింద పడి పిడి నుజ్జయిన కత్తి ఒకటి పడి ఉంటే, బిళ్ల మోజెస్ ఏరుకున్నాడు, ఉంగరం లాంటి ముక్క సుబ్బా ఏరుకున్నాడు. తరువాత సుబ్బాను వేరే చోటికి మార్చారు. మళ్లీ కలవలేదు.

సుబ్బా మాటల్లో ఎప్పుడూ బళ్లారి దగ్గరి ఎమ్మిగనూరు పేరు వచ్చేదని, మోజెస్ బళ్లారికి వచ్చిన కొత్తల్లో ఎమ్మిగనూరుకు పోయి, చెరకు తోటల వెంబడి తిరిగి అడిగాడు. "ఏ సుబ్బా? ఇంటికొక సుబ్బా ఉండాడు ఈడ" అన్నారు. పటాలానికి పోయిన సుబ్బా మాత్రం ఎవరికీ తెలియదు. అప్పటినుంచి చనిపోయేదాకా ఆదివారం ఇంటి ప్రార్థనలో ఆయన ఒకే మాట అనేవాడు: "దేవా, సుబ్బా యాడున్నా వాని బిడ్డలను సల్లగా సూడు."

సాలొమోను వెదకడం మొదలుపెట్టింది ఆ పట్టీ కోసం. మధ్యలో దొరికినవి వేరే. పాత సంఘాల్లో, పల్లెల్లో, తాతలు యుద్ధానికి పోయివచ్చిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆదివారం ఆరాధన ముగిశాక హన్నాను వెనక కూర్చోబెట్టుకుని బండి తీసేవాడు. బండ్రి ఊళ్లో ఓబమ్మ అనే ముసలామె ఇంట్లో ఇత్తడి త్సుబా ఒకటి పాలకుండకు మూతగా ఉంది. దాని మీద పూలరేకుల ముద్రలు ఉన్నాయి, అంచున అచ్చు కలిసిన గీత ఉంది. "ఇది పోతపోసింది" అని సాలొమోను చూడగానే చెప్పగలిగాడు. అచ్చు గీతలు ఆయనకు అన్నం పెట్టిన గీతలే కదా. ఓబమ్మ మూతకు బదులు మూత ఇస్తే చాలంది. హన్నా మంచి స్టీలు మూత కొనిపెట్టి, ఇంటికి వచ్చాక ఆ ఇత్తడి బిళ్లను చింతపండూ బూడిదా వేసి అద్దంలా తోమి పెట్టింది. సాలొమోను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తరువాత, "ఇనుపది మాత్రం ముట్టొద్దే తల్లీ" అన్నాడు. హన్నా నవ్వితే ఆయనకూ నవ్వు వచ్చింది.

అలా ఏళ్ల మీద ఒకటీ అరా చేరాయి. ఒక చేతికర్ర అడుగున, కత్తి పిడి కొసకు తొడిగే టోపీ దొరికింది. పాత సామాన్ల గుజరీ అంగట్లో లారీ వాషర్ల మధ్య ఇంకో ఇనుప బిళ్ల దొరికింది. ప్రతిదాన్నీ పుస్తకంలో బొమ్మలతో పోల్చి, గోటితో తట్టి చప్పుడు విని, భూతద్దంలో ఉలి జాడ చూసి, తేలనిదాన్ని ఫొటో తీయించి కితమురాకు పంపేవాడు. కితమురా మేనమామ ఓపిగ్గా జవాబు రాయించేవాడు. మన చేతికి మైనం, సుద్ద తప్ప తెలియవు, ఇంత దూరపు విద్యను మనకు నేర్పడానికి దేవుడు ఒక మనిషి పళ్లు విరగ్గొట్టాడు అని సాలొమోను చర్చిలో సాక్ష్యం చెబితే అందరూ నవ్వారు.

రెండువేల ఏడులో కురుగోడులో పళ్ల క్యాంపు పెట్టారు. డాక్టరు వినీల, సాలొమోను, ఒక నర్సమ్మ వ్యాను వేసుకుని పోయారు. బడి వరండాలో కుర్చీలు వేశారు. మధ్యాహ్నానికి నాగలక్ష్మమ్మ వచ్చింది. రైతుల ఇంటి పెద్దావిడ. పొడుగ్గా, నిటారుగా, నోట్లో పళ్లు లేకపోయినా గొంతులో అధికారం తగ్గకుండా ఉంది. వినీల ఆమె పైదవడకు అచ్చు ముద్ద పెట్టి, "సాలొమోనన్నా, గట్టిపడే దాకా పట్టుకోండి" అని పక్క కుర్చీకి పోయింది.

సాలొమోను పట్టుకుని నిలబడి, తల వంచి చూశాడు. ఆమె ఒడిలో ఇంటి తాళాలు తీసే బీగాల గుత్తి. ఆ బీగాలన్నీ కోడిగుడ్డు ఆకారపు ఒక పట్టీకి వేలాడుతున్నాయి. రాపిడికి నలుపు పోయి రాగిరంగు తేలింది. ఒక పక్క మాత్రం సన్నటి బంగారు తీగ మెరుస్తోంది. తూనీగ తోక.

"అమ్మా, ఈ గుత్తికి ఉండేది మీ అమ్మదా?"

నోటి నిండా ముద్ద. నాగలక్ష్మమ్మ తల అడ్డంగా ఊపింది.

"మీ నాయనదా?"

నిలువుగా ఊపింది.

"ఆయన పటాలంలో ఉండె కదా? పేరు సుబ్బానా?"

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. ఏదో అనబోయింది.

"కదలొద్దమ్మా, అచ్చు పోతాది" అన్నాడు సాలొమోను. కదిలింది ఆయన చెయ్యే. వినీల వచ్చి చూసి ఆ అచ్చు పనికిరాదని తీసిపారేసి మళ్లీ పెట్టవలసి వచ్చింది.

ముద్ద తీసి పుక్కిలించగానే ఆమె మొదటి మాట, "రామసుబ్బా. నీకెట్ల తెలుసప్పా?" అని. "నాకు మూడేండ్లప్పుడే పాయ. నాకే మొగం గ్యాపకం లేదు. ఒక ఫొటో గూడా లేదు."

నోటి దాకా వచ్చిన కథను సాలొమోను మింగేశాడు. ఇంటికొక సుబ్బా ఉన్న నేలలో, పటాలానికి పోయిన సుబ్బాలు ఇద్దరు ఉండకూడదని ఏమీ లేదు. తండ్రి ముఖం ఎరుగని మనిషికి ఇంకెవరి తండ్రినో తెచ్చి ఇస్తే? "పండ్లు తయారైనాక నేనే తెస్తా అమ్మా. ఆ పొద్దు చెప్తా" అని మాత్రం అన్నాడు.

పళ్లతో పాటు పలుచటి మైనం రేకులు, గుడ్డలో చుట్టిన ఇనుప బిళ్ల తీసుకుని హన్నాతో కలిసి పోయాడు. నాగలక్ష్మమ్మ కొడుకు కోదండరామి అప్పుడే గని నుంచి వచ్చినట్టున్నాడు, కనురెప్పల దాకా ఎర్రదుమ్ము. ఇంటి ముందు రెండు టిప్పర్లు నిలిచి ఉన్నాయి. విషయం వినగానే అతని ముఖం బిగుసుకుంది.

"ఏందన్నా ఇది, రైస్ పుల్లరా? బియ్యం లాగే చెంబని ఒకడొచ్చె, రెండు తలల పామని ఇంకొకడొచ్చె. మా ఊర్లో మునిగినోళ్లు ఉండారు. మా అమ్మ ముసిలిది, సుమ్నే ఊరక ఆశపెట్టొద్దు."

"కొనేకి రాలేదప్పా. అమ్మేకీ రాలేదు" అన్నాడు సాలొమోను. "ఒక్క గడియ ఆ పట్టీ నా చేతికియ్యమను. మీ ముందరే చూసి ఇచ్చేస్తా."

నాగలక్ష్మమ్మ బీగాలు ఒక్కొక్కటే తీసి పట్టీని ఇచ్చింది. సాలొమోను మైనం రేకును అరచేతి వేడికి మెత్తబరిచి, పట్టీ అడుగును దాని మీద నెమ్మదిగా ఒత్తాడు. కోడిగుడ్డు గీత తేలింది. ఒక చోట చిన్న సొట్ట కూడా తేలింది. బ్లేడుతో ఆ గీత వెంబడి మైనం కోశాడు. ఇనుప బిళ్ల నడిమి తూటు చుట్టూ, తరాల తరబడి ఒత్తుకుని ఒత్తుకుని పడిన మచ్చ ఒకటి ఉంది. కోసిన మైనాన్ని ఆ మచ్చ మీద పెట్టాడు. ఎక్కడా మించలేదు, ఎక్కడా తగ్గలేదు. సొట్ట దగ్గర బిళ్ల మీద కూడా చిన్న గంటు ఉంది. ఒకే దెబ్బ రెండింటికీ తగిలింది.

ఊడిన పన్ను తన చిగురులో కూర్చున్నట్టు కూర్చుంది. సాలొమోను కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"అక్కా, మీ నాయన మా నాయనను మోసినాడు" అన్నాడు.

ఆ తరువాత ఆయన చెబుతూనే ఉన్నాడు, నాగలక్ష్మమ్మ వింటూనే ఉంది. రామసుబ్బా వాళ్ల నాయనతో కొట్లాడి ఎమ్మిగనూరులో అక్క ఇంటికి పోయి, అక్కడినుంచే పటాలంలో చేరాడని ఆమె చెప్పింది. మోజెస్ వేరే ఊళ్లో వెదికింది అందుకే. డబ్బాల్లో వచ్చే తిండి నోటికి పోక, రామసుబ్బా ఇనుప టోపీ తిరగేసి, అందులో ఎండుమిరపకాయలూ ఉప్పూ రాయితో నూరి, బిస్కెట్లకు అద్దుకుని తినేవాడని సాలొమోను చెప్పాడు. దొర చూసి టోపీ పాడు చేశావని తిడితే, ఆ దొరకూ ఇంత కారం పెట్టాడట. దొర తుమ్ముతూ పోయాడట.

"ఎట్ల మాట్లాడ్తాండె?" అని అడిగింది నాగలక్ష్మమ్మ.

సాలొమోను ఆలోచించాడు. మోజెస్ కథ చెప్పేటప్పుడు సుబ్బా మాట వచ్చినచోట గొంతు మార్చేవాడు. ఆ గొంతు ఆయనకు గుర్తుంది. "'ఏందిరా మోజెస్సూ, బరువుండావు గదరా, బర్రెదూడ మేలు' అని, వీపున మోసేటప్పుడు."

"ఇంగోసారి చెప్పప్పా."

చెప్పాడు. ఆమె ఇంకోసారి చెప్పమంది. మూడోసారి చెప్పేసరికి కోదండరామి లోపలికి పోయి, ముఖం కడుక్కుని, కుర్చీ తెచ్చుకుని తానూ కూర్చున్నాడు.

"ఇంకొకటి ఉండాది అక్కా. ఆ ఉంగరం ఏరుకున్న దినమే ఇంటికాడ్నుంచి జాబొచ్చెనంట, ఆడబిడ్డ పుట్టిందని. దీన్ని నా బిడ్డ కాలికేస్తా అన్నాడంట. కాలికి పట్టదురా అని మా నాయన నవ్వితే, పట్టకపోతే ఇంకెట్లన్నా కట్టుకుంటాదిలే, దానిదే ఇది అన్నాడంట."

నాగలక్ష్మమ్మ పట్టీని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. వాళ్లమ్మ దాన్ని 'మీ నాయన తెచ్చిండే' అని ఇచ్చింది తప్ప, ఎవరికోసం తెచ్చాడో ఆమెకూ తెలియదట. ఇంటికి వచ్చినప్పుడే రామసుబ్బా జబ్బుతో వచ్చాడు. ఎక్కువ మాట్లాడకుండానే పోయాడు.

"నాకని తెచ్చినాడా" అంది చివరికి. "ఇన్నేండ్లు దీనితో బీగాలు మోపిస్తినే."

"మోయడం ఆయనకు అలవాటే కదమ్మా" అంది హన్నా. నాగలక్ష్మమ్మ ఒక్కసారిగా నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

ఫొటోలు చూసి కితమురా మేనమామ రాయించిన జవాబు కొన్ని వారాలకు వచ్చింది. రెండూ ఒకే పిడివే అయి ఉండాలి, రెండు వందల ఏళ్ల నాటి పని కావచ్చు, పేరున్న పనివాడి చేయి కాదు, సంతకం లేదు, ఏదో పల్లె కమ్మరి మనసు పెట్టి చేశాడు. కత్తి ఎవరిదో చెప్పే దారి లేదు. తిరిగి పంపాలా అని సాలొమోను అడిగితే, ఎవరికని పంపుతావు, మీ దగ్గరే ఉండనీ, ఆ ఇంటివాడిని కూడా ఒకసారి తలుచుకోండి అని రాశాడు కితమురా. ఆ ఆదివారం నుంచి సాలొమోను ఇంటి ప్రార్థనలో పేరు తెలియని ఆ మనిషి కూడా చేరాడు.

తన బిళ్లను ఆమెకే ఇచ్చేద్దామని సాలొమోను తీసుకుపోయాడు. రెండూ ఒక చోట ఉండడం న్యాయం అనుకున్నాడు. నాగలక్ష్మమ్మ ఒప్పుకోలేదు. "వాళ్లిద్దరూ చెరొకటి తీసుకున్నారు. మనం యాల కలపల్ల? రెండూ ఒక ఇంట్లో పడితే నువ్వు ఈడికి యాల వస్తావు?" అంది. అప్పటినుంచి రెండు ఇళ్లకూ రాకపోకలు మొదలయ్యాయి. కోదండరామి బళ్లారికి వస్తే ఆసుపత్రి వెనక గదిలోకి తొంగిచూసి పోయేవాడు. ఎవరైనా పల్లెలో పాత ఇనుప ముక్క చూశామంటే, "మా సాలొమోను మామకు చూపించల్ల" అని లారీ డ్రైవర్లతో చెప్పి తెప్పించేవాడు. వచ్చినవన్నీ నాగలి కొర్రులూ తలుపు గొళ్లేలే. సాలొమోను ఒక్కొక్కదాన్నీ శ్రద్ధగా చూసి, ఇది ఫలానాది అని చెప్పి, తెచ్చినవాడికి టీ పోయించి పంపేవాడు.

ఆ ఏడు కోతల పండుగకు నాగలక్ష్మమ్మ చర్చికి వస్తానంది. మిషన్ సంఘాల్లో ఆ దినం పండినదాంట్లో కొంత తెచ్చి దేవుని బల్ల ముందు పెడతారు, ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం పాడతారు. ఆమె మూట జొన్నలు తెచ్చింది. కొత్త పళ్లు పెట్టుకుని, పట్టుచీర కట్టుకుని, హన్నా పక్కన ఆడవాళ్ల వరుసలో నిటారుగా కూర్చుంది. కృతజ్ఞతలు చెప్పేటప్పుడు పాస్టరుగారు, "కురుగోడు రామసుబ్బాగారి జ్ఞాపకార్థం ఆయన కుమార్తె" అని చదివారు. ఇంతమంది మధ్య తండ్రి పేరు గట్టిగా పలకడం ఆమె పుట్టాక అదే మొదటిసారి. హన్నా ఆమె చెయ్యి పట్టుకుంది.

బయట వేలం మొదలైంది. గుమ్మడికాయలు పోయాయి, అరటిగెల పోయింది, జొన్నల మూట పోయింది. కాళ్లు కట్టిన ఎర్రకోడి ఒకటి వచ్చింది. ఎవరో ఒక ధర అన్నారు. నాగలక్ష్మమ్మ అంతకంటే పై మాట అంది. ఎదుటివాళ్లు పెంచారు, ఆమె ఇంకా పెంచింది. ఇది ఎందుకో, డబ్బు ఎవరికి పోతుందో ఆమె ఎవరినీ అడగలేదు. పోటీ బాగుందనిపించింది, అంతే. కోదండరామి "అమ్మా, మనింట్లో కోళ్లకు కొదవా" అంటున్నా వినలేదు. కోడి ఆమెకే వచ్చింది. జీపు ముందు సీట్లో పట్టుచీర ఒడిలో దాన్ని పెట్టుకుని, రెక్కలు నిమురుతూ, నాగలక్ష్మమ్మ కురుగోడుకు బయలుదేరింది.